వలయభూమిని నడచిన కథ

మనము నివసించు భూమి గోళాకృతి గలది గనుక, సముద్రతీరమున నిలిచి చూచువానికి నీరు దూరమునకు పోయిన కొలది క్రిందికి వంగి దిగంతమున అదృశ్యమగుట నిత్యానుభవము. హేలో అను వీడియో గేమునందు దీనికి విపర్యయము కలదు. అచ్చటి సముద్రము, దాని కావలి కొండలు, కొండలకావలి మేఘములు దూరమైన కొలది పైకి లేచి, సన్నని నీలిరేఖయై నింగి నెక్కి, నడినెత్తిన పలుచని తోరణమువలె వంగి, వెనుకవైపునకు దిగి, మనము నిలిచియున్న నేలతోనే వచ్చి కలియును. పదివేల కిలోమీటర్ల వ్యాసము గల లోహవలయపు లోపలి ముఖముపై పరచిన భూమి యది. 2003లో ఈ గేము కంప్యూటర్లపై ఆడుటకు అనువుగా వెలువడినప్పుడు, దానికి మాదిరిగా ఉచితముగా పంచిన చిన్న ప్రతియందు కథాభాగమునుండి ఒకేయొక మిషను ఉండెను. హైదరాబాదులో ఒక నెట్‌సెంటరున, ప్రక్క కుర్చీలోని కుఱ్ఱవాని భుజముమీదుగా, నేను ఆ వలయమును తొలిసారి చూచినది ఆ మిషనునందే.

దాని పేరు సైలెంట్ కార్టోగ్రాఫర్. సైనికవిమానములు నీటిమీదుగా వాలుచు ఒక ద్వీపమును సమీపించును. మద్దెలల ధ్వని ఆరంభమగును. విమానపు వెనుకభాగమున కూర్చుండిన సైనికులు ఇసుకలోనికి దుముకుదురు. వారితోపాటు పచ్చని కవచము ధరించిన మాస్టర్ చీఫ్, అనగా ఆటగాడు, దుముకును. అటుపిమ్మట గేము గమ్యమును మాత్రమే చెప్పి, మార్గమును అతనికే విడుచును. తీరము వెంట కాలినడకను పోవచ్చును. వార్ట్‌హాగ్ అను జీపు నెక్కి, వెనుక ఫిరంగి కడ ఒక సైనికుని నిలిపి, ఇసుకను చిమ్ముచు పోవచ్చును. మూతపడిన ద్వారమును తెరచు ఉపాయమునకై ద్వీపమును చుట్టి, మరల అదే ద్వారమునకు వచ్చి, దాని లోపల పాతాళమువలె దిగిపోయిన అంతస్తులలోనికి దిగి, తిరిగి వెలుగులోనికి వచ్చునప్పటికి, ఆ ద్వీపపు ప్రతి మలుపు అతనికి తన యూరి వీధివలె పరిచితమైయుండును. ఆనాడు ఆ కుఱ్ఱవాడు మిషను ముగించి, ఒక్కక్షణమైనను తడయక, మరల మొదటినుండి ఆరంభించెను. అది యేల యని నాకు కలిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు బీజము.

షూటర్ గేములలో ఒక్కడే కూర్చుండి మొదటినుండి తుదివరకు కథాక్రమమున ఆడు భాగమునకు క్యాంపెయినని పేరు. సైనికపరిభాషనుండి వచ్చిన యీ మాటకు మూలము లాటిను భాషలో మైదానమను అర్థము గల ఒక పదము. సేనలు విడుదులు వదలి బయలునకు దిగి సాగించు యుద్ధయాత్రకు ఆ పేరు సార్థకమైనది. 2001 మొదలు 2021 వరకు వెలువడిన హేలో క్యాంపెయిన్లను పోల్చి చూడగా, వాని గుణదోషములకు ఈ వ్యుత్పత్తియే గీటురాయి యని నాకు తోచుచున్నది. నేలకు ప్రాధాన్యమిచ్చిన చోట కథ తనంతట పండినది. నేలను నాటకపు వెనుకతెరగా మాత్రము భావించిన చోట, ఎంతటి కథయైనను, ఆటగాని కాలికి తగులక, కంటిముందు కదలి పోయినది.

ఈ గేమును నిర్మించిన బంజీ అను సంస్థను 1991లో షికాగో నగరమున అలెక్స్ సెరోపియన్ అను యువకుడు స్థాపించెను. జేసన్ జోన్స్ అను సహచరుడు త్వరలోనే అతనితో కలిసెను. మాకింతోష్ కంప్యూటర్లకై వారు 1994 మొదలు వెలువరించిన మారథాన్ గేములలో, గోడలకు అమర్చిన కంప్యూటరు తెరలయొద్ద ఆగి చదువుకొనువానికి మాత్రమే కథ తెలియుచుండెను. కథను వెదకికొనవలసిన వస్తువుగా నేలపై వెదజల్లు ఈ యలవాటు వారిని తుదివరకు విడువలేదు. హేలో మొదట ఆకాశమునుండి సేనలను నడపు వ్యూహక్రీడగా పుట్టినది. పిమ్మట దృష్టి క్రిందికి దిగి సైనికుని భుజము వెనుక నిలిచినది. కడపట అతని కంటిలోనే ప్రవేశించినది. 1999 జులై 21న న్యూయార్కు నగరపు మాక్‌వరల్డ్ సభయందు స్టీవ్ జాబ్స్ దీనిని లోకమునకు పరిచయము చేసెను. మరుసటి సంవత్సరము జూనులో మైక్రోసాఫ్టు బంజీని కొనెను. 2001 నవంబరు 15న ఎక్స్‌బాక్స్ అను క్రొత్త యంత్రముతోపాటు హేలో వెలువడెను. మార్టిన్ ఓడానెల్, మైకేల్ సాల్వటోరి కూర్చిన సంగీతమున, క్రైస్తవ సన్న్యాసుల ఆలాపమువంటి ఏకకంఠగానము వినవచ్చుటచే, తుపాకుల ఆటకు ఒక పురాతన దేవాలయపు గాంభీర్యము లభించెను.

యుద్ధవిధానమును రూపొందించినవారిలో జెయిమీ గ్రీస్‌మర్ ముఖ్యుడు. ముప్పది సెకనుల వినోదమును మరల మరల అందించుటయే హేలో రహస్యమని ఆయన యన్నట్లు ప్రచారమైనది; కాని ఆ మాటలోని ఉత్తరార్ధమును పలువురు విస్మరించిరి. ఆ ముప్పది సెకనులను వేర్వేరు స్థలములతో, ఆయుధములతో, వాహనములతో, శత్రువులతో కలిపి, ప్రతి పర్యాయము నూతనముగా తోపజేయుట ఆయన తాత్పర్యము. ఇందుకై వారు కల్పించిన నియమములు కొలదివి, గట్టివి. ఒక్కమారు రెండు తుపాకులకు మించి మోయరాదు. గ్రెనేడు విసరుటకు చేతిలోని తుపాకిని మార్చనక్కరలేదు. దెబ్బలు తగిలి కవచపు శక్తి క్షీణించినను, కొన్ని క్షణములు చాటున నిలిచినచో అది మరల నిండును. ఈ తుది నియమము వలన ప్రతి బండరాయి, ప్రతి చెట్టుమొదలు ప్రాణాశ్రయమైనది. నేలను చదువనేర్చినవాడే యుద్ధమును గెలువనేర్చినవాడైనాడు. శత్రువులును ప్రాణము లేని గురిపలకలు కారు. ఎలైట్ అను దీర్ఘకాయుడు కూలెనేని, అతని నీడన ధైర్యముగా నిలిచిన గ్రంట్లను పొట్టిభటులు చేతులు పైకెత్తి కేకలు వేయుచు చెదరిపారుదురు. జంటగా వచ్చు హంటర్లలో ఒకడు పడినచో రెండవవాడు రోషమున మీదికి దూకును. కావుననే ఆనాటి కుఱ్ఱవానికి రెండవ యాట మొదటి యాటకు పునరుక్తి కాలేదు.

మొదటి క్యాంపెయినునందలి మిషన్లు పది. ఐదింటివరకు వలయము ఒక అద్భుతముగా కనబడును. ఆరవదానియందు చిత్తడినేలను దాటి ఒక కట్టడములోనికి దిగిన ఆటగానికి శత్రువులు కానరారు. శవములు, నెత్తుటి మరకలు మాత్రమే కనబడును. మూసిన తలుపును తెరచినంతనే ఒక సైనికుని మృతదేహము మీద పడును. వేరొక గదిలో జెంకిన్స్ అను భటుని శిరస్త్రాణము దొరకును. దానిలో నిక్షిప్తమైన దృశ్యము తెరపై కదలి, ఆ గదిలోనే కొంతసేపటి క్రిందట ఏమి జరిగినదో చూపును. ఆ దృశ్యము ముగియగానే అదే గది తలుపులు పగిలి, ఫ్లడ్ అను పరాన్నజీవులు వెల్లువవలె వచ్చిపడును. వలయము తోట కాదనియు, ఈ మహమ్మారిని బంధించిన చెరసాల యనియు, దానికి ఆహారమగు చైతన్యజీవులను నక్షత్రమండలమంతట రూపుమాపుటకై నిర్మించిన ఆయుధమనియు అటుపిమ్మట తెలియవచ్చును. ఉపన్యాసమున చెప్పిన యెడల ఇంత భయము పుట్టదు. నేలపై పడియున్న ఒక వస్తువు చెప్పినందున పుట్టినది.

ఆ తరువాతి మిషన్లలో మూడు, వెనుక చూచిన చోట్లకే మరలివచ్చును. మంచులోయను ఎదురుదిశను దాటవలెను. వెనుక చొరబడిన శత్రునౌకయందే మరల ప్రవేశింపవలెను. కథ మొదలైన పిల్లర్ ఆఫ్ ఆటమ్ నౌక, కూలి శిథిలమైనది, కడపటి రంగమగును. కాలము చాలక ఉన్న కట్టడములనే మరల వాడుకొనిరని దీనిని ఆక్షేపించినవారు కలరు. లైబ్రరీ అను మిషనునందలి ఒకే తీరు నడవలు విసుగు పుట్టించుననుటయు సత్యమే. అయినను మరలివచ్చిన చోట మనకు తెలిసిన లోయయందు తెలియని మృత్యువు సంచరించుట చూచినప్పుడు కలుగు వెఱపు, క్రొత్తచోట కలుగదు. ఉన్న యూరికే తిరిగివచ్చి, ఊరు మారినదని గుర్తించినవాని హృదయవేదన అది.

2004 నవంబరు 9న రెండవ గేము వెలువడెను. అమెరికాలో మొదటిదినముననే పన్నెండున్నర కోట్ల డాలర్ల విక్రయము జరిగెను. ఇందలి సాహసము యుద్ధమునకు రెండవ యొడ్డును చూపుట. వలయమును కాపాడలేక పరాజితుడై, స్వజనులచే ముద్రవేయబడి, మరణమే శిక్షగా గల ఆర్బిటర్ పదవిని పొందిన ఎలైట్ సేనాని, మాస్టర్ చీఫ్‌తో సమానముగా కథానాయకుడైనాడు. నిన్నటివరకు మనము కాల్చిన గ్రంట్లు నేడు మన ప్రక్కను నిలిచి పోరాడుచుండగా, శత్రువుల పూజామందిరములు, ఊరేగింపులు, లోపలి ద్వేషములు కంటబడును. ఇంతటి ఉదాత్తకల్పన గల యీ గేము నిర్మాణము మాత్రము మహాకష్టమున సాగెను. 2003లో ప్రదర్శించి అందరిని అబ్బురపరచిన భాగము యంత్రము మోయలేనిదగుటచే విడువవలసివచ్చెను. కథాంతమునకై ఉద్దేశించిన భాగమును కాలాభావముచే తొలగించిరి. యుద్ధమును ముగించెదనని నాయకుడు పలుకుటతో గేము ముగిసినది, యుద్ధము ముగియలేదు. ఎక్కవలసిన మెట్టు మీద పాదము మోపబోయి, మెట్టు లేకుండుట కనుగొన్నవానివలె ఆటగాడు నిలిచిపోయెను.

ఆ ఋణమును తీర్చుటకై 2007 సెప్టెంబరు 25న మూడవది వచ్చెను. కథయందు ఇది మొదటిదానివలె అపూర్వము కాదు. రెండవదానివలె సాహసోపేతమును కాదు. కాని విశాలస్థలములను యుద్ధమునకు సిద్ధపరచుటలో దీనికి సాటి వేరొకటి లేదు. ఆఫ్రికాఖండమున కెన్యాదేశపు సావో రహదారి వెంట పచ్చిక బయళ్లలో జీపులు నడచును. స్కారబ్ అను నడచు కోట నాలుగు కాళ్లతో రణభూమిని త్రొక్కుచుండగా, దాని కాళ్లను విరుగగొట్టి వంచవచ్చును, ఎగురు వాహనమునుండి దానిపైకి దుముకవచ్చును. మార్గమిదియే యను నిర్బంధము లేదు. నలుగురు స్నేహితులు కలిసి ఆడు అవకాశము దీనితోనే యేర్పడెను. అసంపూర్ణమైన క్రొత్తవలయము కాలిక్రింద పలకలు పలకలుగా కూలుచుండ, జీపునెక్కి నౌకవైపు పరుగెత్తు అంతిమదృశ్యము, మొదటి గేము ముగింపునందలి జీపుపరుగును స్మరింపజేయును. ఆరు సంవత్సరముల కథ, మొదలైన భూమివంటి భూమిపైననే ముగియును.

ఇచ్చట ఆగినను బంజీ కీర్తికి లోపము రాకుండెడిది. కాని వారి నిపుణత మిక్కిలి పరిణతిని పొందినది ఆ తరువాతి రెండు గేములయందని నా యభిప్రాయము. 2009 నాటి ఓడీఎస్‌టీ యందు మాస్టర్ చీఫ్ లేడు. రూకీ అని మాత్రమే పిలువబడు సామాన్యభటుడు, తన దళమునుండి వేరుపడి, ఆరు గంటలు స్పృహతప్పి, వర్షము కురియు రాత్రివేళ నిర్జనమైన న్యూ మొంబాసా నగరమున మేల్కొనును. శాక్సఫోను విషాదముగా మ్రోగుచుండ, నగరమును నడపు యంత్రబుద్ధి వీధిగుర్తులను మార్చి, దీపములను వెలిగించి ఆర్పి, అతనికి దారి చూపును. ఒకచోట తెరలో గ్రుచ్చుకొనియున్న తన పైయధికారిణి శిరస్త్రాణము దొరకును. దానిని చేతబట్టినంతనే, ఆ పగలు అచ్చట జరిగిన యుద్ధము మరియొక భటుని కన్నులతో మనకు ఆడ లభించును. జెంకిన్స్ శిరస్త్రాణము ఒక్క గదికి చేసిన పనిని, ఇచ్చట ఇట్టి వస్తువులు ఒక నగరమునకు చేసినవి.

2010 సెప్టెంబరు 14న వెలువడిన రీచ్, బంజీ వ్రాసిన కడపటి హేలో. రీచ్ అను గ్రహము శత్రువుల వశమై నశించునని, 2001లో మొదటి గేమునకు కొలది దినములు ముందుగా వెలువడిన ఎరిక్ నైలండ్ నవల వలన పాఠకులకు ముందే తెలియును. కోట కూలునని తెలిసియే బొబ్బిలికథను తెల్లవార్లు కూర్చుండి వినిన మనకు, అట్టి కథ రుచి తెలియనిది కాదు. ఏమి జరుగునన్న కుతూహలము లేని చోట, ఎట్లు నిలిచిరన్న గౌరవము పుట్టును. గేము తొలిదృశ్యముననే, గుండు దూసిపోయిన ఒక శిరస్త్రాణము మట్టిలో పడియుండును. అది ఎవరిదో కాదు, మనదే. నోబుల్ దళమునందలి ఆరుగురిలో జార్జ్ శత్రునౌకతోపాటు తానును అంతరించును. క్యాట్ ఎదురుచూడని తూటాకు మాటమధ్యన కూలును. కార్టర్ తన విమానముతో స్కారబ్‌ను ఢీకొనును. ఎమీల్ ఫిరంగికడ ప్రాణమిడును. జూన్ వేరొక కర్తవ్యమునకై ఎడబాయును. మొదటి గేమును ఆరంభించు నౌక మనవలన సురక్షితముగా నింగి కెగసిన తరువాత, ఆటగాడు ఒంటిగా మిగులును.

ఆ కడపటి మిషను పేరు లోన్ వుల్ఫ్. అందు నిర్దేశింపబడిన కర్తవ్యము ఒక్కటే, బ్రతికియుండుట. అదియు సాధ్యము కాదు. శత్రువులు తరంగములై వచ్చుచునే యుందురు. దెబ్బ తగిలిన కొలది శిరస్త్రాణపు అద్దము బీటలు వారి, ఆ బీటలలోనుండియే మనము లోకమును చూడవలసివచ్చును. ఎంతటి నేర్పరియైనను ఇచ్చట గెలువడు. కొంతసేపు ఎక్కువగా నిలుచును, అంతియే. ఆటకు గెలుపే పరమార్థమని నమ్మిన విద్యలో, ఓటమిని ఇంత గౌరవముగా ఆడించిన ఘట్టము నేను వేరొకటి చూడలేదు.

పిమ్మట రచన చేతులు మారెను. ఈ మాలికకై మైక్రోసాఫ్టు నెలకొల్పిన 343 ఇండస్ట్రీస్ ఆ భారమును వహించెను. ఒకరు విడిచిన మహాకృతిని వేరొకరు కొనసాగించుట ఎంత సంకటమో, నన్నయ విడిచిన అరణ్యపర్వశేషమును ఎఱ్ఱన ఎంత వినయముతో పూరించెనో యెఱిగిన తెలుగువారికి విన్నవింపనక్కరలేదు. 2011లో మొదటి గేమును క్రొత్తవర్ణములతో పునర్ముద్రించినప్పుడు 343 వారు అట్టి వినయమునే చూపిరి. ఒక్క మీట నొక్కినంతనే పాతరూపము క్రొత్తరూపము మారి మారి కనబడును, క్రిందనున్న నేల మాత్రము పాతదే. 2012 నాటి నాలుగవ గేమునందు వారు స్వతంత్రించి, మాస్టర్ చీఫ్‌కు సహచరియగు కోర్టానా అను యంత్రబుద్ధి ఆయుర్దాయమునే ఇతివృత్తముగా గ్రహించిరి. ఏడేండ్లకు మించి నిలువని జాతికి చెందిన ఆమె ఎనిమిదవయేట మతి చెదరి మాటాడుటయు, కడపట కాంతిరూపమున వచ్చి తొలిసారి అతని వక్షమును స్పృశించుటయు హృదయమును ద్రవింపజేయును. ఇది మాలిక యంతటను అత్యంత మానవీయమైన కథ. కాని ఆ కథ జరుగుచోటు మన మనస్సున నిలువదు. ఒక నడవనుండి వేరొక నడవకు పోయి, మీటలు నొక్కి, తలుపులు తెరచుటలో కాలము గడచును. కథయు నేలయు ఒకదానినొకటి ఎరుగక వేరువేరు దారుల నడచినవి.

ఈ వియోగము 2015 నాటి ఐదవ గేమునందు మరింత పెరిగెను. పదునైదు మిషన్లలో మూడింటియందు మాత్రమే మాస్టర్ చీఫ్ మన వశమున నుండును. తక్కినవన్నియు అతనిని వెదకుచు పోవు లాక్ అను సైనికునివి. ఎప్పుడును ముగ్గురు సహచరులు వెంటనుండుటచే, నిర్జనదేశమున ఒంటరిగా నిలిచినప్పటి నిశ్శబ్దము దొరకదు. ఒక తెరను రెండుగా చీల్చుకొని ఇంటిలో ఇరువురు ఆడుకొను పూర్వాచారమును దీనియందు విడిచిరి. అన్నదమ్ములు ప్రక్కప్రక్కన కూర్చుండి పెరిగిన గేమునకు అది చిన్న నష్టము కాదు. ప్రకటనలు వాగ్దానము చేసిన వీరద్వయ వైరము, గేములో ఒక్క పెనుగులాటతో ముగిసిపోయెను.

2021 డిసెంబరు 8న వెలువడిన హేలో ఇన్ఫినిట్, దారితప్పినవాడు చిన్ననాటి యూరిని వెదకికొని వచ్చినట్లు, మరల వలయమునకే వచ్చెను. ఖండఖండములై పగిలిన జీటా హేలోపై ఆటగానికి విశాలభూమి లభించెను. చేతికి కట్టిన కొక్కెపుత్రాటిని విసరి కొండచరియలను ఎగబ్రాకవచ్చును, శత్రువును లాగవచ్చును, ఎగురు వాహనమును పట్టవచ్చును. సైలెంట్ కార్టోగ్రాఫర్ ఇచ్చిన స్వేచ్ఛ ఇచ్చట ఒక దేశమంతటికి వ్యాపించినది. శత్రుశిబిరమును చూచి, చుట్టుతిరిగి, ఎటనుండి ప్రవేశింపవలయునో తానే నిశ్చయించుకొను ఆనందము మరల కలిగినది. అయినను దేవదారువనములు, కొండలు, పచ్చికలు తప్ప వేరుదృశ్యము లేకుండుట లోపమే. ఇసుకతీరము, చిత్తడి, మంచులోయ అనుచు మొదటివలయము పది మిషన్లలో చూపిన వైవిధ్యము, ఇంత విస్తీర్ణములోను కానరాదు. నేల యెంత పెద్దదన్నది కాదు, అడుగడుగునకు అది మనతో ఏమి పలుకుచున్నదన్నదే ప్రశ్న.

ఇన్ని గేములలోను మాస్టర్ చీఫ్ తన ముఖమును మనకు పూర్తిగా చూపలేదు. అతని శిరస్త్రాణములోనికి మనము దూరి అతని కన్నులతో చూచితిమి. కావుననే ఇతరుల శిరస్త్రాణము నేలపై ఖాళీగా కనబడిన ప్రతిసారి మన గుండె కలుక్కుమనుట. రీచ్ కడపటి దృశ్యమున ఆ పగిలిన శిరస్త్రాణమును గేము మరల చూపును. దశాబ్దములు గడచినవి. కాలిపోయిన ఆ గ్రహముపై మరల గడ్డి మొలచి, గాలికి తలలూపుచున్నది. శిరస్త్రాణము మాత్రము తొలిదృశ్యమున చూచినచోటనే యున్నది. అచ్చట కథను వివరించు అక్షరములు అక్కరలేదు, ఎందుకనగా ఆ చోట ఎవరు నిలిచిరో, ఎంతసేపు నిలిచిరో, నిలిచినవానికే తెలియును.